క్షయ నడచు త్రోవ

వైద్యశాస్త్ర చరిత్రమున సికిందరాబాదు నగరమునకు ఒక గౌరవస్థానము కలదు. 1897వ సంవత్సరము ఆగస్టు 20వ తేదీన, బేగంపేట ప్రాంతమందలి ఒక చిన్న పరిశోధనశాలలో రొనాల్డ్ రాస్ అను సైనిక వైద్యుడు సూక్ష్మదర్శినితో ఒక దోమ కడుపును పరీక్షించుచుండెను. ఆ కడుపు గోడయందు మలేరియా సూక్ష్మజీవి పెరుగుచుండుటను ఆయన ఆనాడు చూచెను. అంతకు పూర్వము చలిజ్వరము చెడుగాలివలన వచ్చునని లోకము నమ్మియుండెను. మలేరియా అను పేరునకే చెడుగాలి యని యర్థము. రాస్ కృషివలన ఆ జ్వరము నడచు త్రోవ తెలిసినది. త్రోవ తెలిసినంతనే దానికి అడ్డుకట్ట వేయు ఉపాయములును తోచినవి. నిలువనీటిని తొలగించుట, దోమతెర కట్టుకొనుట మొదలైనవి అట్లు వచ్చినవే. ఈ పరిశోధనకుగాను రాస్‌కు 1902లో నోబెల్ బహుమానము లభించెను.

ఆయన పనిచేసిన భవనము నేటికిని ఉన్నది. దాని ప్రక్కగా పోవునపుడెల్ల నాకొక ఆలోచన కలుగుచుండును. మలేరియా దోమపై నెక్కి వచ్చుచున్నది. మరి మన దేశమున దానికన్న ఎక్కువమందిని బలిగొనుచున్న క్షయ దేనిపై నెక్కి వచ్చుచున్నది? పట్టణమునుండి పల్లెకును, ఒక యింటినుండి మరియొక యింటికిని అది ఏ త్రోవన నడచుచున్నది? బాలబాలికలారా! ఈ పాఠమున మనము ఆ త్రోవను వెదకుదము.

క్షయ అనగా తరిగిపోవుట. రోగి కండ కరగి, బరువు తగ్గి, నానాటికి క్షీణించుటచేత ఈ వ్యాధికి ఆ పేరు వచ్చినది. మన పూర్వులు దీనిని రాజయక్ష్మ యనియు పిలిచిరి. ఆ పేరునకు సంబంధించిన పురాణకథ యొకటి కలదు. దక్షప్రజాపతి తన యిరువదియేడుగురు కుమార్తెలను చంద్రునకిచ్చి వివాహము చేసెను. చంద్రుడు రోహిణిని మాత్రమే ఆదరించి, తక్కినవారిని ఉపేక్షించెను. వారు పుట్టింటికి పోయి తండ్రితో మొరపెట్టుకొనిరి. దక్షుడు కోపించి, యక్ష్మరోగముచే తరిగిపొమ్మని చంద్రుని శపించెను. పిమ్మట దేవతల ప్రార్థనవలన శాపము కొంత సడలెను. అందుచేతనే చంద్రుడు ఒక పక్షము తరుగుచు, ఒక పక్షము పెరుగుచు ఉండునని పెద్దలు చెప్పుదురు.

చంద్రుని వృద్ధిక్షయములను వర్ణించుటకు ఆ కథ అందముగనే యున్నది. కాని వ్యాధిని శాపమని తలచుటలో ఒక కీడు దాగియున్నది. శాపము తగిలినవాడు తప్పు చేసినవాడని లోకము భావించును. తప్పు చేసినవాడను పేరు ఎవనికి ఇష్టము? కావున క్షయ సోకినవారు దానిని దాచుకొనుట అలవాటయ్యెను. మరికొందరు ఇది వంశపారంపర్యముగా దిగివచ్చు వ్యాధి యనిరి. ఒకే యింట తండ్రికిని, కొడుకునకును, మనుమనికిని వచ్చుట చూచి, అది వారి నెత్తుటిలోనే యున్నదని నిశ్చయించిరి. ఆ యింటి పిల్లను తెచ్చుకొనుటకును, ఆ యింటికి పిల్లనిచ్చుటకును వెనుదీసిరి. ఆ భయముచేత ఇంటివారు వ్యాధిని మరింత లోతున దాచిరి.

ఈ చీకటిని తొలగించిన మహనీయుడు జర్మనీ దేశపు శాస్త్రవేత్త రాబర్ట్ కోచ్. 1882వ సంవత్సరము మార్చి 24వ తేదీన బెర్లిన్ నగరమందలి పండితసభలో ఆయన క్షయకు కారణమైన సూక్ష్మజీవిని కనుగొన్నట్లు ప్రకటించెను. అది కంటికి కనబడని సన్నని కడ్డీవంటి ప్రాణి. దాని జ్ఞాపకార్థమే ఏటేట మార్చి 24వ తేదీన ప్రపంచ క్షయ దినమును జరుపుచున్నారు. ఆనాటితో క్షయ శాపము కాదనియు, నెత్తుటి దోషము కాదనియు తేలిపోయినది. ఒకే యింట పలువురకు వచ్చుటకు కారణము వారి రక్తము ఒకటి యగుట కాదు. వారు పీల్చు గాలి ఒకటి యగుట.

ఈ సూక్ష్మజీవి శరీరమునందు అనేక భాగములలో నిలువగలదు. మెడ గ్రంథులయందును, ఎముకలయందును, మెదడు పొరలయందును అది చేరవచ్చును. కాని ఒకరినుండి ఒకరికి వ్యాపించునది ముఖ్యముగా ఊపిరితిత్తుల క్షయ. రోగి దగ్గినపుడును, తుమ్మినపుడును, పాడినపుడును, బిగ్గరగా మాటలాడినపుడును అతని నోటినుండి లెక్కలేనన్ని తుంపరలు వెలువడును. పెద్ద తుంపరలు వెంటనే నేలపై పడును. మిక్కిలి చిన్నవి గాలిలోనే ఆరి, దుమ్ముకన్న సన్నమై, గంటలకొలది తేలుచుండును. ఆ గాలిని పీల్చినవారి ఊపిరితిత్తులలోనికి సూక్ష్మజీవులు దిగును. ఇదియే క్షయ నడచు త్రోవ.

దీనిని బాగుగా తెలిసికొనుటకు మన పల్లెలలోని వంటింటిని తలచుకొనుడు. కిటికీ లేని వంటింట పిడకల పొయ్యి రాజేసినచో పొగ చూరువరకు కమ్ముకొనును. పొయ్యి ఆరిన పిమ్మట కూడ చాలసేపు విడువదు. అదే పొయ్యిని పెరటిలో పెట్టినచో పొగ క్షణములో చెదరిపోవును. క్షయరోగి దగ్గుకూడ ఇట్టిదే. మూసిన గదిలో అది కమ్ముకొనియుండును; ఆరుబయట చెదరిపోవును. సూర్యరశ్మి తగిలినచో ఆ సూక్ష్మజీవి చచ్చును. అయితే ఒక్క భేదము కలదు. పొగ కనబడును, కంట నీరు తెప్పించును, మనలను బయటికి తరుమును. ఈ దగ్గు తుంపరలు కనబడవు, వాసన వేయవు, ఎవ్వరిని తరుమవు. కావుననే అవి మిక్కిలి ప్రమాదకరములు.

ఇక క్షయ ఏ త్రోవన రాదో కూడ తెలిసికొనవలెను. రోగి తిన్న కంచమువలనగాని, త్రాగిన చెంబువలనగాని, కట్టిన బట్టలవలనగాని, అతని చేయి ముట్టుకొనుటవలనగాని క్షయ రాదు. కాచని పాలయందు పశువుల క్షయకు సంబంధించిన సూక్ష్మజీవి యుండవచ్చును గనుక పాలను కాచియే త్రాగవలెను. అది వేరు సంగతి. మనుష్యునినుండి మనుష్యునకు వచ్చు త్రోవ మాత్రము గాలియే. మన యిండ్లలో జరుగుచున్నదేమి? రోగికి కంచము వేరుగా పెట్టుదురు, చెంబు వేరుగా ఉంచుదురు. రాత్రి కాగానే చలిగాలి తగులునని తలుపులు బిడాయించి, అతని ప్రక్కనే పసిపిల్లలను పరుండబెట్టుదురు. కంచమును వేరుచేసి, గాలిని కలిపియుంచుట ఎంత పొరపాటో ఆలోచింపుడు.

సూక్ష్మజీవి లోనికి పోయిన ప్రతివానికిని వ్యాధి వచ్చునా? రాదు. గింజ పడిన ప్రతి నేలయందును మొలక రాదుగదా! ప్రపంచ జనాభాలో సుమారు నాలుగవ వంతు ప్రజల శరీరములలో ఈ సూక్ష్మజీవి ఎప్పుడో ఒకప్పుడు ప్రవేశించినదని అంచనా. వారిలో నూటికి అయిదుగురు మొదలు పదిమంది వరకు మాత్రమే జీవితకాలములో ఎన్నడో ఒకనాడు వ్యాధిగ్రస్తు లగుదురు. తక్కినవారి శరీరము ఆ శత్రువును చెరసాలలో నుంచినట్లు అణచియుంచును. అట్టివారికి దగ్గుండదు, వారివలన ఇతరులకు వ్యాధి రాదు. కాని కావలివాడు నీరసించినపుడు చెరసాల తలుపు తెరచుకొనును. చాలినంత తిండి లేకపోవుట, మధుమేహము, హెచ్.ఐ.వి., బీడీలు చుట్టలు కాల్చుట, మద్యపానము మొదలైనవి ఆ కావలివానిని నీరసింపజేయును. వీనిలో మన పల్లెలకు మిక్కిలి పరిచయమైనది అర్ధాకలి. అది శాపము కాదు. మనుష్యులు సరిచేయదగిన లోపము.

పల్లెల మాట వచ్చినది గనుక ఒక పాత భ్రమను గూర్చి చెప్పవలెను. క్షయ పట్టణముల వ్యాధి యనియు, మిల్లుల పొగయు ఇరుకు సందులును లేని పల్లెలు దానినుండి సురక్షితములనియు మునుపు పలువురు భావించిరి. పచ్చని పొలములు, తేటగాలి, ఎండ గల చోటికి ఈ వ్యాధి ఎట్లు వచ్చునని వారి ప్రశ్న. ఈ ప్రశ్నకు సమాధానము కనుగొనుటలో మన తెలుగుదేశమునకు గొప్ప భాగము కలదు.

రాయలసీమయందలి మదనపల్లెకు సమీపమున ఆరోగ్యవరమను చోట 1915లో క్షయరోగులకొరకు ఒక పెద్ద చికిత్సాలయము వెలసినది. డెన్మార్కు దేశమునుండి వచ్చిన డాక్టరు క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ దానికి మొదటి అధిపతి. ఆ దినములలో క్షయకు మందు లేదు. మంచిగాలి, విశ్రాంతి, పుష్టికరమైన ఆహారము, కొందరికి శస్త్రచికిత్స, ఇవియే చికిత్సలు. దూరదేశములనుండి రోగులు అచ్చటికి వచ్చుచుండిరి. కాని వచ్చినవారికి చికిత్స చేయుటతో వ్యాధి తగ్గదనియు, రానివారిని ఇండ్లకు పోయి చూడవలెననియు అచ్చటి వైద్యులు గ్రహించిరి. మన దేశమున క్షయనిరోధకమగు బి.సి.జి. టీకా మొదట 1948లో వేయబడిన స్థలములలో మదనపల్లె యొకటి. 1950 మొదలు 1955 వరకు మదనపల్లె పట్టణమందును, చుట్టుపట్ల పల్లెలయందును ఇల్లిల్లు తిరిగి జనులను లెక్కించి, చర్మపరీక్షలును ఎక్సురేలును చేసిరి. ఒక గ్రామీణ సమాజమున క్షయ ఎట్లున్నదో అంత శ్రద్ధతో చూచిన పరిశోధనలు అప్పటికి లోకమున బహుస్వల్పము.

తరువాత 1955 మొదలు 1958 వరకు భారత వైద్య పరిశోధన మండలి దేశమున ఆరు ప్రాంతములను ఎన్నుకొని విస్తృతమైన పరీక్షలు జరిపించెను. ఆ యారింటిలో హైదరాబాదు ఒకటి, మదనపల్లె ఒకటి. అనగా రెండు తెలుగు ప్రాంతములు. ఫలితము చూచి అందరును ఆశ్చర్యపడిరి. పట్టణములలో ఎంత క్షయ యున్నదో పల్లెలలోను ఇంచుమించు అంతయే యున్నదని తేలెను. దేశజనాభాలో అత్యధికభాగము పల్లెలలోనే నివసించుచుండుటచేత, రోగులలోను అత్యధికులు పల్లెవారే యని స్పష్టమయ్యెను. తేటగాలి పొలమున నున్నది. కాని మనుష్యుడు రాత్రి నిద్రించునది పొలమున కాదు, కిటికీ లేని కొట్టులో.

మరి పల్లెకు క్షయ ఎట్లు వచ్చును? దానికి రెక్కలు లేవు, కాళ్లు లేవు. అది మనుష్యుల కాళ్లతోనే నడచును. వానలు తప్పిన యేడు పల్లెవారు కూలిపనులకై నగరములకు పోవుదురు. సికిందరాబాదు స్టేషనులో నిలుచున్నచో మూటలు నెత్తిన పెట్టుకొని దిగువారిని, ఎక్కువారిని ప్రతిదినము చూడవచ్చును. నగరమున వారు ఒక చిన్న గదిలో పదిమంది తల దాచుకొందురు. చాలీచాలని తిండి తిందురు. అచ్చట ఒకనికి దగ్గు పట్టుకొన్నచో అది మరియొకనికి అంటును. పనిచేయలేక ఇంటికి మరలినవానితో వ్యాధియు ఊరికి వచ్చును. ఒకసారి ఊరిలో అడుగుపెట్టిన తరువాత దానికి నగరముతో పని లేదు. ఇంటినుండి ఇంటికి అదియే పోవును. చికిత్స లేని ఊపిరితిత్తుల క్షయరోగి ఒక్కడు ఒక సంవత్సరములో పదిమంది మొదలు పదునైదుగురివరకు సూక్ష్మజీవిని అంటింపగలడని వైద్యులు చెప్పుదురు.

నేను ఉపాధ్యాయవృత్తిలో ప్రవేశించిన క్రొత్తలో తెలంగాణమందలి ఒక పల్లెబడిలో పనిచేసితిని. ఎనిమిదవ తరగతిలో ఒక చురుకైన బాలిక యుండెను. ఆమె తండ్రి నగరమున కట్టడపు పనులు చేయుచు, ఒకయేడు బతుకమ్మ పండుగకు ఊరికి వచ్చెను. మనిషి చాల చిక్కిపోయియుండెను. కూతురు బడిపుస్తకములను గూర్చి అడుగుటకు ఒకనాడు బడికి వచ్చి, వసారాలో కూర్చుండి చాలసేపు దగ్గెను. ఏమి దగ్గని నేనడిగితిని. "వేడిచేసినది పంతులుగారూ! నాలుగు దినములలో తగ్గును" అని ఆయన నవ్వెను. నేనును వేడియే అనుకొంటిని. మజ్జిగ త్రాగుమని చెప్పి పంపితిని.

ఆ దగ్గు నాలుగు దినములలో తగ్గలేదు. ఇంటివారు మిరియాల కషాయమిచ్చిరి. పట్నపు మందుల దుకాణమునుండి సీసా మందు తెప్పించిరి. పెద్దకూతురికి సంబంధము కుదిరియున్నది. క్షయ యని పేరు పడినచో పెండ్లి తప్పిపోవునని వారి భయము. కంచము మాత్రము వేరుచేసిరి. చలికాలమగుటచే రాత్రులయందు తలుపు మూసి, ఏడుగురును ఒకే గదిలో పరుండిరి. దగ్గు తెరలు వచ్చినపుడు ఆ చిన్న బాలిక లేచి కూర్చుండి తండ్రి వీపు నిమురుచుండెడిది. మాఘమాసమున పెండ్లి జరిగెను. ఉగాదికి ముందే తండ్రి నెత్తురు కక్కుకొనెను. అప్పుడు ఆసుపత్రికి తీసికొనిపోయిరి. కాని కాలము మించిపోయినది. ఆయన మరల ఇంటికి రాలేదు.

మరుసటి సంవత్సరము ఆ బాలిక బడికి వచ్చుట మానెను. నేను వారి యింటికి పోయితిని. లోపలినుండి దగ్గు వినబడెను. తల్లి వాకిటికి వచ్చి చేతులు జోడించి, "పంతులుగారూ! ఈ సంగతి ఊరిలో ఎవరికిని చెప్పకుడు. ఆడపిల్ల. రేపు దానిని చేసికొనువారుండరు" అనెను. నేను, "ఊరికి చెప్పనమ్మా! వైద్యునికి మాత్రము చెప్పక తీరదు" అని, మరునాడే వారిరువురను బస్సులో ఎక్కించుకొని పట్టణపు ఆసుపత్రికి తీసికొనిపోయితిని. నెలల తరబడి ఆమె మందులు మ్రింగెను. ఒక్కొక్కపుడు కడుపులో త్రిప్పుచున్నదని ఏడ్చెడిది. తల్లి మానవలదని బ్రతిమాలెడిది. చివరకు వ్యాధి నయమయ్యెను. ఆమె తిరిగి బడికి వచ్చి పరీక్షలలో ఉత్తీర్ణురాలయ్యెను. ఆ తండ్రికి మందు లేక ప్రాణము పోలేదు. ఆనాటికే మందులుండెను. దాచుటవలన పోయెను. ఆయన దగ్గు విని మజ్జిగ చెప్పిన నా యజ్ఞానమునకును అందొక పాలు కలదు. అందుచేతనే ఈ పాఠమును మీకు చెప్పుచున్నాను.

పల్లెవారికి తెలివి లేదనియు, రోగము ముదురువరకు వైద్యునియొద్దకు రారనియు నిందించుట సులభము. కాని అది పూర్తిగా సత్యము కాదు. మన పొరుగున కర్ణాటకమందలి తుమకూరు జిల్లా పల్లెలలో జరిగిన పరిశోధనయొకటి 1963లో వెలువడెను. క్షయ సోకిన పల్లెవారిలో ఇంచుమించు అందరును తమకు ఏదో వ్యాధి యున్నదని ఎరిగియే యుండిరి. వారిలో సగమునకు పైగా అంతకుముందే ఆసుపత్రులకు పోయిరి. అచ్చట వారికి దొరకినది దగ్గు సీసా మాత్రమే. కఫమును పరీక్షించినవారు లేరు. కావున తప్పు రోగిదే యనరాదు. అడుగవలసినవారు అడుగవలెను, పరీక్షింపవలసినవారు పరీక్షింపవలెను.

ఇప్పుడు మీకొక సందేహము కలుగవచ్చును. రోగిని ఇంట నుంచుకొన్నచో ఇంటివారికి అంటునుగదా, దూరముగా ఎక్కడికైనను పంపివేయుటయే మేలుకదా, అని. ఈ భయమే అనేకులను వ్యాధిని దాచుకొనునట్లు చేసినది. దీనికి సమాధానము మద్రాసు నగరమున దొరకెను. 1944లో స్ట్రెప్టోమైసిన్, 1952లో ఐసోనియాజిడ్ అను మందులు క్షయపై పనిచేయునని తెలిసిన పిమ్మట, 1956లో మద్రాసునందు క్షయ చికిత్సా పరిశోధన కేంద్రము స్థాపింపబడెను. అచ్చటి వైద్యులు రోగులను రెండు భాగములు చేసిరి. ఒక భాగము వారిని చికిత్సాలయమున చేర్చి, మంచి తిండియు విశ్రాంతియు నిచ్చి, ఒక సంవత్సరము మందులిచ్చిరి. రెండవ భాగము వారిని తమ యిరుకు ఇండ్లలోనే యుండనిచ్చి, ఆ మందులనే ఇచ్చిరి. ఇండ్లలోనివారికి మంచి తిండి లేదు, విశ్రాంతి లేదు, విశాలమైన గదులు లేవు. అయినను ఇంచుమించు వారికిని అంతటి మేలే కలిగినదని 1959లో వెల్లడియయ్యెను.

అంతకన్న ముఖ్యమైనది మరియొకటి కలదు. ఆ రెండు భాగముల రోగుల ఇంటివారిని అయిదేండ్లపాటు పరీక్షించుచు వచ్చిరి. రోగిని ఇంటనే యుంచుకొని మందులిప్పించిన కుటుంబములలో, రోగిని దూరముగా పంపిన కుటుంబములలోకన్న వ్యాధి ఎక్కువ కాలేదు. దీని భావమేమి? ఇంటివారికి వ్యాధి అంటుట చాలవరకు మందు మొదలుపెట్టక పూర్వమే జరుగును. సరియైన మందులు పడిన కొలది వారములలోనే రోగినుండి వ్యాధి అంటుట చాలవరకు తగ్గిపోవును. ఇంటికి ప్రమాదము మందు తినుచున్న రోగివలన కాదు. తెలియని దగ్గువలన, దాచిన దగ్గువలన. ఈ సత్యము లోకమందంతట చికిత్సాపద్ధతినే మార్చివేసెను. మన దేశమున 1962లో జాతీయ క్షయ నివారణ కార్యక్రమము ఆరంభమై, రోగి యింటనే యుండి మందులు తీసికొను పద్ధతి జిల్లాలకు వ్యాపించెను.

నేడు పరిస్థితి ఇంకను మెరుగుపడినది. సాధారణముగా వచ్చు క్షయకు ఆరునెలలు మందులు వాడిన చాలును. పరీక్షలును, మందులును ప్రభుత్వ ఆసుపత్రులలో ఉచితము. కఫమునందలి సూక్ష్మజీవిని కొలది గంటలలో పట్టియిచ్చు యంత్రములు వచ్చినవి. రోగి ఆహారమునకై ప్రభుత్వము 2018లో నెలకు 500 రూపాయలు ఇచ్చుట ప్రారంభించి, 2024 నవంబరునుండి 1000 రూపాయలకు పెంచినది. తిండికిని ఈ వ్యాధికిని గల సంబంధము కూడ స్పష్టపడినది. జార్ఖండ్ రాష్ట్రమున 2019 మొదలు 2022 వరకు క్షయరోగుల ఇంటివారికి ఆహారధాన్యములు, పప్పులు మున్నగునవి ఇచ్చి చూడగా, ఆ యిండ్లలో క్రొత్తగా వ్యాధి వచ్చుట సుమారు నూటికి 39 వంతులు తగ్గెను. అయినను ప్రపంచమందలి క్షయరోగులలో సుమారు నాలుగవ వంతు మన దేశమందే యున్నారు. మందు ఉండియు వ్యాధి పోకుండుటకు కారణము మనమింకను త్రోవను పూర్తిగా మూయకపోవుటయే.

త్రోవను మూయుట ఎట్లు? దగ్గు రెండు వారములకు మించినచో, సాయంకాలపు జ్వరము, రాత్రి చెమటలు, బరువు తగ్గుట, కఫమున నెత్తురు కనబడుట, వీనిలో ఏది యున్నను కఫపరీక్ష చేయించుకొనవలెను. సీసా మందుతో తృప్తిపడరాదు. వ్యాధి యున్నదని తేలినచో మందులను ఒక్క దినమైనను మానక గడువు పూర్తియగువరకు వాడవలెను. రెండు నెలలకే దగ్గు తగ్గి, ఆకలి పుట్టి, నయమైనట్లు తోచును. అప్పుడు మానివేసినచో మిగిలిన సూక్ష్మజీవులు మందులకు లొంగనివై తిరిగి లేచును. సగము కోసి విడిచిన కలుపు మరల చేనంతయు కమ్మునట్లు అది ప్రబలును. దగ్గునపుడు నోటికి గుడ్డ అడ్డము పెట్టుకొనవలెను. కఫమును ఎక్కడబడిన అక్కడ ఉమ్మరాదు. పగలు తలుపులు, కిటికీలు తెరచి, ఇంటిలోనికి గాలిని, ఎండను రానీయవలెను. రోగి యింటిలోని పిల్లలను, పెద్దలను అందరిని పరీక్షింపజేయవలెను. వ్యాధి లేనివారికి అది రాకుండుటకు కూడ నేడు మందులు కలవు. పుట్టిన బిడ్డకు బి.సి.జి. టీకా వేయించవలెను. అది పసిపిల్లలను మెదడు క్షయవంటి తీవ్రమైన రూపములనుండి కాపాడును. పెద్దవారి ఊపిరితిత్తుల క్షయకు మాత్రము ఆ టీకా చాలిన రక్ష కాదు గనుక దానినే నమ్మి యుండరాదు.

ఇవి యన్నియు వైద్యులు చెప్పు మాటలు. మీవంటి బాలబాలికలు చేయగలిగిన పని యొకటి కలదు. మీ యింటనో, మీ వీధినో ఒకరు చాలకాలముగా దగ్గుచున్నచో, వారిని చూచి దూరముగా తొలగకుడు. వారి దగ్గును చూచి నవ్వకుడు. "ఆసుపత్రికి పోయి కఫపరీక్ష చేయించుకొనుడు, నేను తోడు వత్తును" అని చెప్పుడు. మందులు మ్రింగుచున్న తోటి విద్యార్థిని వేరుగా కూర్చుండబెట్టకుడు. వ్యాధి నయమైనవారి యింట పెండ్లి సంబంధము వచ్చినపుడు, "అది శాపము కాదు, నయమైన జ్వరమువంటిదే" అని పెద్దలకు ధైర్యముగా చెప్పుడు. మీరు ఆ మాట పలుకగలిగిననాడు వ్యాధిని దాచుకొనవలసిన అవసరము ఎవ్వరికిని ఉండదు.

సికిందరాబాదున రాస్ దోమను పట్టుకొని చలిజ్వరపు త్రోవను కనిపెట్టెను. క్షయ నడచు త్రోవ కూడ మనకు తెలిసియే యున్నది. అది మూసిన గదిలోని గాలి. అంతకన్న ముఖ్యముగా, మూసిన నోరు. గదికి కిటికీ తెరచినచో గాలి శుద్ధియగును. మాట దాచక చెప్పినచో ఇల్లు నిలుచును.

ప్రశ్నలు

1. రొనాల్డ్ రాస్ సికిందరాబాదున కనుగొన్న విషయమేమి? దానివలన కలిగిన లాభమేమి?
2. వ్యాధిని శాపమని తలచుటవలన కలుగు కీడును వివరింపుడు.
3. "కంచమును వేరుచేసి, గాలిని కలిపియుంచుట" అను మాటల భావమేమి?
4. 1955 మొదలు 1958 వరకు జరిగిన పరీక్షలవలన పల్లెలను గూర్చి తేలిన సత్యమేమి?
5. క్షయరోగిని ఇంటనుండి పంపివేయ నక్కరలేదని మద్రాసు పరిశోధన ఎట్లు నిరూపించెను?
6. మీ యూరిలో ఒకరు నెల దినములుగా దగ్గుచున్నారు. వారితో మీరేమి చెప్పుదురు? పది వాక్యములలో వ్రాయుడు.